కొత్తపేట లేడీ డాక్టరు క్లినిక్: నాలుగు స్టార్లు, మెట్లకి ఒకటి కోత

గుంటూరు కొత్తపేటలో ఆస్పత్రి లేని సందు కావాలంటే వెతుక్కోవాలి. ఎముకలు, గుండె, పిల్లలు, పళ్ళు, సంతాన సాఫల్యం, ఒకదాని మీద ఒకటి బోర్డులు. ఆ బోర్డుల మధ్య ఓ మందుల షాపు పైన, మొదటి అంతస్తులో ఉన్న లేడీ డాక్టరు క్లినిక్ గురించి ఇది. పేరు రాయడంలేదు. రాస్తానంటే డాక్టరుగారే వద్దన్నారు. గర్భస్రావం లాంటి విషయంలో పేరు బయటికొస్తే పేషెంట్ల కంటే ముందు గొడవకొచ్చేవాళ్ళు వస్తారట. పోనీలెండి. ఎలాంటి చోటికి వెళ్ళాలో, ఎలాంటి చోటి నుంచి లేచి వచ్చేయాలో తెలిస్తే చాలు, పేరుతో పనిలేదు.

నేను బ్రాడీపేటలో లేడీస్ హాస్టల్లో ఉంటా, డిగ్రీ రెండో సంవత్సరం, బీకాం కంప్యూటర్స్. సొంతూరు పొన్నూరు. నా రూమ్మేటుదీ మా ఊరే, ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. దాన్ని ఇక్కడ బుజ్జి అనుకుందాం. ఇది రాశాక దానికి చూపించా. చదివి రెండు చోట్ల తీసేయమంది. ఒకటి తీసేశా.

ఆ క్లినిక్‌కి నేను మొదట వెళ్ళింది బుజ్జితో కాదు, మా అమ్మతో. అదీ పేషెంటుగా.

సంక్రాంతి సెలవులకి ముందు బుజ్జికి నెల తప్పింది. నాతో చెప్పలేదు. అరండల్‌పేటలో ఓ మెడికల్ షాపులో కిట్ కొనుక్కుని హాస్టల్ బాత్రూములో చూసుకుందట. అందులో సి అనే గీత టెస్టు సరిగ్గా జరిగిందని చెప్పేది, టి అనే గీత అసలు సంగతి చెప్పేది. టి గీత మసగ్గా వచ్చింది. మసగ్గా ఉంది కాబట్టి కాదేమోనని ఆశ. ఇది చదివే ఆడపిల్లలకి ఒక మాట: కిట్ మీద రాసిన టైము లోపు గీత కనిపిస్తే, ఎంత మసగ్గా ఉన్నా ఉన్నట్టే. డాక్టరుగారు తర్వాత చెప్పిందిది. పొద్దున లేవగానే మొదటి మూత్రంతో చూసుకుంటే ఇంకా స్పష్టంగా తెలుస్తుందట. ఇది తెలియక అది రక్త పరీక్షకని ఒక్కతే ఓ ల్యాబ్‌కి వెళ్ళింది. కౌంటర్లో పేరడిగారు, వయసడిగారు, ఫోన్ నంబరడిగారు.

నా పేరు చెప్పింది. నా నంబరిచ్చింది.

దాని ఫోను లాక్ ఏంటో వాళ్ళన్నయ్యకి తెలుసు, ఇంటికెళ్తే చాలు తీసి చూస్తాడు. అంతవరకు నాకర్థమైంది. నా పేరెందుకు అని తర్వాత అడిగితే, "ఆ టైములో నోటికి నీ పేరే వచ్చిందే" అంది.

భోగి రోజు పొద్దున నేను వాకిట్లో ముగ్గులో రంగులు నింపుతున్నా. ఫోను లోపల ఫ్రిజ్ మీద చార్జింగులో ఉంది. వాట్సాప్‌లో టింగుమని పీడీఎఫ్ వచ్చింది. సీల్ వేసిన కవరు లేదు, పంపమంటారా అని అడిగింది లేదు. మా అమ్మ టెన్త్ పాసయింది, ఇంగ్లీషులో నా పేరు చదవగలదు. పాజిటివ్ అన్న మాటైతే కరోనా పుణ్యమా అని మా ఊళ్ళో చదవలేనివాళ్ళు లేరు. ఆ ల్యాబ్ గురించి నేను రాసేది ఇంతే: ఎక్కడ రక్తమిచ్చినా బిల్లు కొట్టేటప్పుడే "రిపోర్టు నేనే వచ్చి తీసుకుంటా, ఫోనుకి పంపొద్దు" అని చెప్పండి, బిల్లు మీద రాయించండి.

అమ్మ అరవలేదు. అరిచుంటే నేనూ అరిచేదాన్ని. ఫోను తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుని అరిసెల పాకం చూడ్డానికి వెళ్ళిపోయింది. నాది కాదు అన్నా. "మరెవరిదే?" అంది. అక్కడ ఆగిపోయా. ఎందుకంటే మా అమ్మా బుజ్జి వాళ్ళమ్మా ఒకే డ్వాక్రా గ్రూపు. మా అమ్మ నోట్లో మాట దాగుతుందేమో గానీ మొహంలో దాగదు. గ్రూపు మీటింగులో ఆవిణ్ణి చూసిన నిమిషంలో బయటపడిపోతుంది. సాయంత్రం నానమ్మ కీప్యాడ్ ఫోను తీసుకుని డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక నుంచి బుజ్జికి చేశా. ఏడ్చింది. "మీ అమ్మకి చెప్పకే, నీకు దణ్ణం పెడతా" అంది. పండగ మూడు రోజులూ మా ఇంట్లో నేను కడుపుతో ఉన్న పిల్లనే. నాన్నకి మాత్రం అమ్మ చెప్పలేదు, దానికి ఇప్పటికీ ఆవిడకి మొక్కుతా. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ఆ రోజు ఆగి, మర్నాడు తెల్లారగట్ల నన్ను పల్లెవెలుగు బస్సెక్కించింది.

ఈ డాక్టరు మీద మా అమ్మకి గురి ఎందుకో చెప్పాలి. అంతకుముందు అమ్మకి బ్లీడింగ్ ఎక్కువైతే ఇంకో చోట గర్భసంచి తీసేయాలన్నారు. ఆపరేషన్ డేటు కూడా ఇచ్చేశారు. మా వైపు నలభై నిండకుండా గర్భసంచి తీయించుకున్నవాళ్ళు వీధికి ఇద్దరైనా ఉంటారు, దాన్నెవరూ వింతగా చూడరు. ఈవిడ స్కాన్ చూసి, "ఇప్పుడేం అక్కర్లేదమ్మా, మందులు వాడి చూద్దాం" అంది. అమ్మ ఆపరేషన్ తప్పింది. అందుకని పరువు పోయే పనైనా సరే ఈవిడ దగ్గరే పోవాలని అమ్మ లెక్క.

ఇక క్లినిక్. మెట్లు దారుణం. ఇరుకు, నిట్టనిలువు, చేత్తో పట్టుకోడానికి ఒక వైపే కమ్మీ. లిఫ్టు లేదు. తొమ్మిదో నెల వాళ్ళు కూడా అవే ఎక్కాలి. మధ్యలో ఒకామె ఆయాసంతో నిలబడిపోతే వెనక మేమంతా నిలబడ్డాం. గర్భిణుల డాక్టరు మొదటి అంతస్తులో ఏంటండీ? ఒక స్టారు అక్కడే తీసేశా.

పైన హాలు చిన్నదే కానీ శుభ్రం. మంచినీళ్ళ క్యాను నిండుగా ఉంటుంది, బాత్రూముకి లోపలి గడియ పనిచేస్తుంది (నవ్వకండి, కొత్తపేటలో ఇది చాలా పెద్ద విషయం). ఫీజు 400, వారం లోపు మళ్ళీ వస్తే అక్కర్లేదు. పేరు పెట్టి పిలవరు, "పదకొండు రావాలమ్మా" అని టోకెన్ నంబరుతో పిలుస్తారు. పొన్నూరు, చేబ్రోలు, తెనాలి బస్సులు దిగి వచ్చినవాళ్ళతో నిండిన హాల్లో మన పేరు గట్టిగా వినపడకపోవడం ఎంత హాయో అక్కడ కూర్చుంటే తెలుస్తుంది. ఇంత జాగ్రత్త తీసుకున్నవాళ్ళు బరువు చూసే మిషను మాత్రం హాలు మధ్యలో పెట్టారు. సిస్టరు ముల్లు చూసి "అరవై రెండూ" అని చివరి కుర్చీ దాకా వినిపిస్తుంది. పేరు దాచి బరువు చాటింపు వేయడం ఏం పద్ధతో.

లోపలికెళ్ళగానే అమ్మ ఫోను తీసి రిపోర్టు చూపించింది. డాక్టరుగారికి అరవై ఉంటాయేమో, నూలు చీర, కళ్ళజోడు తాడు మెళ్ళో వేలాడుతుంటుంది. చూసి ఫోను పక్కన పెట్టేసింది.

"అమ్మాయితో మాట్లాడతా, మీరు కాసేపు బయట కూర్చోండమ్మా."

"నేను తల్లినండీ."

"తెలుసమ్మా. ఎవరొచ్చినా నేను కాసేపు వాళ్ళతోనే మాట్లాడతా. మీరొచ్చినప్పుడు మీ ఆయన్ని కూడా పంపించా, గుర్తుందా?"

అమ్మకి గుర్తుంది. లేచింది. సిస్టరు తలుపేసింది. వేయడమంటే దగ్గరికి తోయడం కాదు, గడియ పడేదాకా వేసింది.

పెళ్ళయిందా అని అడగలేదు. ఎవడు అని అడగలేదు. నెలసరి ఆఖరిసారి ఎప్పుడొచ్చిందని అడిగింది. చెప్పా. ఆ రిపోర్టు నాది కాదండీ అన్నా. నమ్మాననలేదు, నమ్మననీ అనలేదు. "సరే, నీకిష్టమైతే ఇక్కడే టెస్టు చేద్దాం, ఇష్టం లేకపోతే వద్దు" అంది. చేయించుకున్నా. ఒకే గీత. అప్పుడు నేను అడక్కుండానే ఇంకో ప్రశ్న: "ఈ రిజల్టు అమ్మకి చెప్పనా?" ఇన్ని రోజులకి ఒక మనిషి నన్ను అడిగి మాట్లాడటం అదే. అక్కడ ఏడ్చేశా. ఏడుస్తూనే బుజ్జి సంగతంతా చెప్పేశా, పేరు తప్ప.

ఆవిడ విని రెండే అడిగింది. ఎన్నేళ్ళు? పందొమ్మిది. ఎన్ని వారాలు? తెలీదు.

"పద్దెనిమిది దాటిందిగా, దాని సంతకం చాలు. మొగుడి సంతకం, నాన్న సంతకం అని ఎవరైనా అడిగితే అది చట్టంలో లేని మాట. ఉంచుకోవాలనుకున్నా రమ్మను, వద్దనుకున్నా రమ్మను. ముందు స్కాన్ కావాలి. షాపులో బిళ్ళలు కొనుక్కుని మింగొద్దని మాత్రం ఇవాళే ఫోన్ చేసి చెప్పు" అంది.

ఆ బిళ్ళల సంగతి నేను వివరంగా అడిగా, ఎందుకంటే హాస్టల్లో ఈ సలహా ఇచ్చే సీనియర్లు ఉన్నారు. గర్భం సంచిలో కాకుండా ట్యూబులో నిలిస్తే ఆ బిళ్ళలు పనిచేయవు. బ్లీడింగ్ అవుతుంది, అయిపోయిందనుకుంటారు, లోపల ట్యూబు పగిలితే ప్రాణం మీదికొస్తుంది. స్కాన్ చూడకుండా ఆ తేడా ఎవరూ చెప్పలేరు. డాక్టరు చీటీ లేకుండా అవి అమ్మకూడదు కూడా. అమ్ముతున్నారంటే అది వేరే సంగతి.

చట్టం గురించి ఆవిడ చెప్పిందీ, నేను తర్వాత చదువుకున్నదీ ఇక్కడే రాసేస్తా. గర్భస్రావం చట్టం 1971 నాటిది. గర్భనిరోధకం విఫలమైన సందర్భం గురించి చెప్పేచోట అందులో పెళ్ళయిన స్త్రీ, ఆమె భర్త అని ఉండేది. 2021లో సవరించి ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి అని మార్చారు. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 దాకా ఇద్దరు డాక్టర్లు కావాలి, అదీ కొన్ని పరిస్థితుల్లోనే. పెళ్ళి కాలేదన్న కారణంతో అక్కడ తేడా చూపకూడదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న తీర్పు చెప్పింది. చేయించుకున్న స్త్రీ పేరు, వివరాలు డాక్టరు బయటపెడితే ఏడాది దాకా జైలు కూడా ఉంది. 18 నిండనివాళ్ళయితే దారి వేరు. అమ్మానాన్నల్లో ఒకరో, సంరక్షకులో రాసి ఇవ్వాలి, పిల్లలపై లైంగిక నేరాల మీద తెచ్చిన 2012 పోక్సో చట్టం ప్రకారం డాక్టరు పోలీసులకి తెలియజేయాలి. ఆ అమ్మాయీ, ఆమె తరఫువాళ్ళూ కోరితే ఆ సమాచారంలో పేరు, గుర్తులు ఇవ్వక్కర్లేదని ఆ 2022 తీర్పులోనే ఉంది. ఈ చివరి ముక్క చాలామందికి తెలియదు, తెలియక పల్లెల్లో నాటు వైద్యం చేసేవాళ్ళ దగ్గరికి పోతారు.

అమ్మని లోపలికి పిలిచి డాక్టరుగారు చెప్పింది రెండు ముక్కలు: "మీ అమ్మాయికి ఏం లేదు. ఆ రిపోర్టు ఈ అమ్మాయిది కాదు." మరి పేరెలా వచ్చిందండీ అని అమ్మ అడిగింది. "అది ల్యాబ్ వాళ్ళని అడగాలమ్మా, నేను ఈ అమ్మాయి సంగతే చెప్పగలను" అంది. నేను చెప్పినదాంట్లో ఒక్క అక్షరం బయటికి రాలేదు. అమ్మ మెట్లు దిగుతూ నా ఫోను నాకిచ్చేసింది. సారీ అనలేదు, మా ఇంట్లో ఆ పద్ధతి లేదు. శంకర్‌విలాస్ సెంటర్ దాకా వచ్చాక టిఫిన్ తింటావా అంది.

హాస్టల్‌కి వచ్చాక బుజ్జితో పడ్డ గొడవ నా జీవితంలో ఎవరితోనూ పడలేదు. నేను అడిగింది ఒకటే. మా అమ్మకి ఒక్క ఫోను చెయ్, అది నాది కాదు ఆంటీ, నేనే దాని పేరు ఇచ్చా అని చెప్పు. ఎవరి కోసం ఇచ్చావో చెప్పొద్దు, ఇంకెవరికోసమో అని అబద్ధమాడినా సరే. చేయనంది. అనడమే కాదు, "నీకు నెగెటివ్ అని తేలిపోయిందిగా, ఇంకా ఎందుకే?" అంది. తీసేయమన్న రెండో చోటు ఇదే. తీయను. ఆ మాట అది అంది.

అయినా క్లినిక్‌కి నేనే తీసుకెళ్ళా. దాని పక్కన ఇంకెవరూ లేరు. ఆ అబ్బాయి గురించి ఎక్కువ రాయను. రెండు వేలు పంపాడు, తర్వాత సెమిస్టర్ పరీక్షలన్నాడు, తర్వాత ఫోనెత్తలేదు.

దారి పొడుగూతా ఆటోలో నేను చెప్తూనే ఉన్నా, తీయించేసుకో, ఆలోచించడానికేముంది, మీ అన్న చంపేస్తాడు. అది రోడ్డు చూస్తూ కూర్చుంది. లోపలికి వెళ్ళాం. డాక్టరుగారు నన్ను చూశారు. గుర్తుపట్టినట్టు కనురెప్ప కూడా కదల్లేదు. బుజ్జి ముందు నన్ను "నువ్వెవరమ్మా?" అంది. ఫ్రెండునండీ.

"సరే, నువ్వు బయట కూర్చో."

నన్నా? డబ్బు సర్దింది నేను, ఆటో మాట్లాడింది నేను, పండగ పూట ఇంట్లో దోషిలా కూర్చుంది నేను. లోపలి మాట వినే హక్కు నాకుందనే అనుకున్నా, ఇప్పటికీ కొంత అనుకుంటా. సిస్టరుకి ఇదంతా అక్కర్లేదు. తలుపు, గడియ. అమ్మ కూర్చున్న కుర్చీలోనే కూర్చోవలసొచ్చింది, ఖాళీగా ఉన్నది అదొక్కటే.

చాలాసేపు కూర్చోబెట్టారు. గోడ మీదున్నవన్నీ చదివేశా. ఇలాంటివి చేయడానికి ఆ చోటుకి జిల్లా కమిటీ ఇచ్చిన అనుమతి పత్రం ఫ్రేము కట్టించి అందరికీ కనిపించేలా పెట్టారు. ప్రైవేటు ఆస్పత్రి ఏదైనా అది చూపించాలి, కనపడకపోతే అడగండి. దాని పక్కన టెలీ మానస్ 14416 పోస్టరు, దిగులుగా ఉంటే ఏ టైములోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

కూర్చున్నంతసేపూ కోపమే. కానీ ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. నేను లోపల ఉండి ఉంటే బుజ్జి నాకు నచ్చే సమాధానం చెప్పేది. నాకు బాకీపడ్డానని లోపల్లోపల కుళ్ళిపోతున్న మనిషి అప్పుడది. నా మొహం చూస్తూ "వద్దండీ, తీసేయండి" అనేది, అదే దాని నిర్ణయమని అందరం అనుకునేవాళ్ళం. ఆటోలో నేను మొదలుపెట్టిన పని ఆ గదిలో పూర్తయ్యేది. మా అమ్మనైనా, నన్నైనా, రేపు ఆ అబ్బాయి వెంట వస్తే వాణ్ణైనా, వెంట వచ్చిన మనిషి ఎంత మంచిదైనా సరే ఆ తలుపు అవతలే. ఈ రివ్యూలో నేను మార్కులు ఎక్కువ వేసేది దీనికే. వైద్యం ఇంకో నాలుగు చోట్ల కూడా బాగానే చేస్తుండొచ్చు, నాకు తెలీదు.

బయటికొచ్చి బుజ్జి ఏం చెప్పలేదు. స్కాన్ రాశారు అంది, అంతే.

స్కాన్ సెంటర్ వేరే చోట, దాని గురించి ఈ నాలుగు స్టార్లలో ఏమీ కలపకండి. లింగ నిర్ధారణ చేయబడదు అన్న బోర్డు కింద కూర్చున్న అబ్బాయి ఫారం నింపుతూ "హస్బెండ్ పేరు?" అని హాలంతా వినపడేలా అడిగాడు. బుజ్జి నా చెయ్యి పట్టుకుంది, గొడవ తర్వాత మొదటిసారి. డాక్టరుగారు ముందే చెప్పి పంపారు కాబట్టి సరిపోయింది: ఆ గడిలో భర్త పేరే రాయాలని లేదు, తండ్రి పేరైనా తల్లి పేరైనా రాయొచ్చు. తల్లి పేరు రాయించింది. ఏడు వారాలు, సంచిలోనే ఉంది.

తర్వాత తెలిసింది, డాక్టరుగారు దానితో ఇవాళే చెప్పక్కర్లేదు, టైముంది, ఇంటికెళ్ళి ఆలోచించుకో అన్నారట. ఉంచుకుంటే ఏం చేయాలో, కని దత్తత ఇవ్వాలంటే ఎవరి దగ్గరికి వెళ్ళాలో కూడా చెప్పారట. ఆ మధ్య రోజుల్లో మా రూములో నేను అడగలేదు, అది చెప్పలేదు. మెస్సులో ఒకే టేబుల్ దగ్గర తిన్నాం, ఉప్పు అందిస్తే తీసుకుంది. ఓ రాత్రి లైటు తీసేశాక, "రేపు వెళ్దామా, మందులకి" అంది.

ఒప్పుకోలు పత్రం తెలుగులో చదివి వినిపించి సంతకం పెట్టించారు. ఈసారి దాని పేరు అదే రాసింది, ఇంటిపేరుతో సహా. మొదటి బిళ్ళ డాక్టరుగారి ముందే మింగాలి. రెండో విడత రెండు రోజుల తర్వాత. హాస్టల్ అని తెలిసి, అక్కడొద్దు, పొద్దున్నే వచ్చి క్లినిక్ వెనక గదిలో సాయంత్రం దాకా పడుకోమన్నారు. మంచం, ఫ్యాను, వేడినీళ్ళ బ్యాగు, నొప్పికి మాత్రలు. నొప్పి బాగానే ఉంటుంది, ఏం ఉండదని చెప్పేవాళ్ళని నమ్మకండి. బ్లడ్ గ్రూపు ముందే చూస్తారు, నెగెటివ్ అయితే ఒక ఇంజెక్షన్ గురించి ఆలోచించాలట, బుజ్జిది ఓ పాజిటివ్. సాయంత్రం పంపేటప్పుడు సిస్టరు ఒక కాగితమిచ్చింది: గంటకి రెండు ప్యాడ్లు తడిసిపోతూ రెండు గంటలు అలాగే సాగితే, జ్వరం తగ్గకపోతే, వెంటనే ఫోన్ చేయాలి. రాత్రి పదకొండింటికి భయమేసి చేశా. ఎత్తారు. సిస్టరే ఎత్తింది, లెక్క అడిగింది, ఫరవాలేదంది, మళ్ళీ అరగంటకి తనే చేసింది. రెండు వారాలకి చూపించుకోమన్నారు, వెళ్ళాం, బాగుంది.

ఖర్చు స్కాను, రక్తం, మందులు, గది అన్నీ కలిపి ఐదు వేల లోపు. ప్రతిదానికీ బిల్లిస్తారు. డబ్బు లేకపోతే జీజీహెచ్, అంటే గుంటూరు పెద్ద ప్రభుత్వాసుపత్రి ఉంది, ప్రభుత్వాసుపత్రికి ఈ పనికి వేరే అనుమతి అక్కర్లేదు, ఖర్చూ ఉండదు. రద్దీ ఉంటుంది, క్యూ ఉంటుంది. పొన్నూరు వాళ్ళెవరో ఒకరు కనిపిస్తారనే భయంతో బుజ్జి వద్దంది.

క్లినిక్‌లో నచ్చనివి ఇంకా ఉన్నాయి. టైము ఎప్పుడూ గంట ఆలస్యం. ఫోన్‌పే స్కానర్ పెట్టారు గానీ సిస్టరు నగదే అడుగుతుంది. ఇకముందు గర్భం రాకుండా ఏం వాడాలో డాక్టరుగారు బాగా చెప్పారట, అత్యవసర మాత్ర 72 గంటల లోపు వేసుకోవాలని, అది నెలనెలా వాడేది కాదని. ఆ మాట హాల్లో ఒక పోస్టరు మీద తెలుగులో రాసి పెట్టొచ్చుగా? ఉన్న పోస్టర్లు సగం మందుల కంపెనీలవి, ఇంగ్లీషులో ఉన్నాయి, నవ్వుతున్న తెల్ల పాపల బొమ్మలతో.

బుజ్జీ నేనూ ఇప్పటికీ ఒకే రూము. మా అమ్మకి అది ఇంకా ఫోన్ చేయలేదు. నేను అడగడం మానలేదు. అమ్మ రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్ చేసి, ఎక్కడున్నావ్, పక్కన ఎవరున్నారు అని అడుగుతుంది, ఇదివరకు అడిగేది కాదు. బుజ్జి ఉంది అంటా. దానికివ్వు అంటుంది. ఇస్తా. అన్నం తిన్నారా ఆంటీ అని అది మాట్లాడుతుంది, నేను దాని మొహం చూస్తూ కూర్చుంటా. ఏదో ఒక రోజు అక్కడే చెప్పించాలని నా పట్టు.

పొద్దున పది నుంచి ఒంటిగంట, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది. ఆదివారం సెలవు. పొద్దునైతే జనం తక్కువ. కింద బండి పెట్టే చోటు లేదు, ఆటోలో పోవడమే మేలు. ఆధార్ కార్డు, చిల్లర, పాత రిపోర్టులు ఉంటే అవీ పట్టుకెళ్ళండి. ఫోన్ నంబరు అడుగుతారు, మీ సొంతదే ఇవ్వండి.